పాత కారు ‘మిస్సింగ్’ కొడుతోందా? విడిభాగాలు కొనే ముందు ఈ పరీక్షలు చేయించండి

గల్ఫ్‌కి వచ్చిన మన తెలుగు కుటుంబాల్లో చాలామంది మొదట కొనేది పాత కారే. ఉద్యోగం ముగించుకుని ఇండియా వెళ్ళిపోతున్న మరో కుటుంబం దగ్గర బేరమాడి తీసుకున్న పదేళ్ళ కారో, పదిహేనేళ్ళ కారో అయి ఉంటుంది. అది నడిచినంత కాలం దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి వణకడం మొదలుపెడుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే పికప్ రాదు. సైలెన్సర్ లోంచి దీపావళి టపాకాయలా ‘ఠప్’మంటుంది. గ్యారేజీకి తీసుకెళితే ప్లగ్గులు, కాయిల్స్, ఇంజెక్టర్లు, పెట్రోల్ పంపు అంటూ పొడవాటి చీటీ చేతికొస్తుంది. ఒక్క బహ్రెయిన్ దీనారు మన రూపాయల్లో రెండు వందల పైమాటే కాబట్టి, ఆ చీటీ చూడగానే ఈ నెల ఇంటికి పంపే డబ్బు గుర్తొస్తుంది.

నేను బహ్రెయిన్‌లోని హిద్‌లో ఉంటాను. బి.ఎస్సీ. చదివాను, ఉద్యోగం చేయడం లేదు. మా వారు కంపెనీ బస్సులో షిఫ్టుకి వెళతారు కాబట్టి మా పాత కారు నా చేతిలోనే ఉంటుంది. పిల్లల స్కూలు, సరుకులు, ఆసుపత్రి అన్నీ దాని మీదే. నేను మెకానిక్‌ని కాను. కానీ ఈ జబ్బును కనిపెట్టడం మనం కాలేజీ ల్యాబ్‌లో చేసిన పని లాంటిదే. ఒక్కొక్క కారణాన్నీ విడిగా పరీక్షించి, కాదనుకున్నవి పక్కన పెడుతూ పోవాలి. అలా చేస్తే చీటీలోని చాలా వస్తువులు కొనక్కరలేదని తేలుతుంది. అది ఎలాగో వివరంగా చెబుతాను.

ఇంజన్‌లో జరిగేది ఏమిటి?

మన కార్లలో ఎక్కువగా నాలుగు సిలిండర్లు ఉంటాయి. ప్రతి సిలిండర్‌లోనూ పిస్టన్ నాలుగు పనులు చేస్తుంది. గాలినీ పెట్రోలునూ లోపలికి పీల్చుకుంటుంది, నొక్కుతుంది, నిప్పు అంటుకోగానే ఆ బలంతో కిందికి దిగుతుంది, మిగిలిన పొగను బయటికి తోస్తుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌లో సెకనుకి 25 సార్లు నిప్పు అంటుకోవాలి. నాలుగింటికీ కలిపి సెకనుకి 100 సార్లు.

ప్రతిసారీ నిప్పు అంటుకోవాలంటే మూడు సరిగ్గా ఉండాలి. మొదటిది స్పార్క్. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ వేల వోల్టులకు పెంచి ప్లగ్‌కి పంపుతుంది. రెండోది గాలి, పెట్రోలుల పాళ్ళు. బరువులో ఒక వంతు పెట్రోలుకి సుమారు 14.7 వంతుల గాలి కావాలి. మూడోది కంప్రెషన్, అంటే లోపలి మిశ్రమాన్ని గట్టిగా నొక్కే శక్తి. కుక్కర్ గాస్కెట్ అరిగిపోతే ఎంత మంట పెట్టినా విజిల్ రానట్టే, పిస్టన్ రింగులో వాల్వులో అరిగిపోతే ఎంత మంచి స్పార్క్ ఉన్నా బలం రాదు.

ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ సిలిండర్‌లో ఆ విడతకి నిప్పు అంటుకోదు. మన మెకానిక్‌లు ‘మిస్సింగ్ కొడుతోంది’ అనేది దీన్నే. గ్యారేజీ చీటీ ఎంత పొడుగున్నా అందులోని ప్రతి వస్తువూ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికే వస్తుంది. మన పని ఏ గడిలో తప్పు ఉందో ముందు తేల్చుకోవడం.

ఆ ‘ఠప్’ ఎటువైపు నుంచి వచ్చింది?

గ్యాస్ స్టవ్ నాబ్ తిప్పి లైటర్ కొట్టడం ఆలస్యమైతే ఏమవుతుంది? పోగుపడిన గ్యాస్ ఒక్కసారిగా ‘గుప్పు’మంటుంది. కారులో పేలుడు శబ్దం కూడా అలాంటిదే. కాలవలసిన చోట, కాలవలసిన సమయానికి కాలని పెట్రోలు వేరే చోట అంటుకుంటుంది. మన ఊళ్ళలో పాత బుల్లెట్లు, కార్బురేటర్ ఉన్న మారుతి 800లు ఇలా పేలడం చాలామంది చూసే ఉంటారు.

శబ్దం వెనక సైలెన్సర్ లోంచి వస్తే, సిలిండర్‌లో కాలని పెట్రోలు పొగ గొట్టంలోకి వెళ్ళి అక్కడి వేడికి అంటుకుందన్నమాట. స్పార్క్ తప్పుతూ ఉండడం, పెట్రోలు పాలు ఎక్కువ కావడం, పొగ గొట్టం అతుకుల దగ్గర చిల్లు పడి బయటి గాలి లోపలికి వెళ్ళడం దీనికి ముఖ్య కారణాలు.

శబ్దం ముందు నుంచి, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి వస్తే కథ వేరు. పెట్రోలు పాలు తక్కువైనప్పుడు మంట నెమ్మదిగా కాలుతుంది. మళ్ళీ గాలి పీల్చుకునే వాల్వు తెరుచుకునే సమయానికి కూడా లోపల నిప్పు ఆరకుండా ఉంటే, అది వెనక్కి తన్నుతుంది. అప్పుడు ఎక్కడి నుంచో దొంగతనంగా గాలి దూరుతోందా, పెట్రోలు తక్కువగా వస్తోందా, గాలి పీల్చే వాల్వు సరిగ్గా మూసుకుంటోందా అని చూడాలి.

డిస్ట్రిబ్యూటర్, ప్లగ్ వైర్లు ఉన్న బాగా పాత కార్లలో ఇంకో సంగతి ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువ వాటికి నిప్పు అంటుకునే వరుస 1-3-4-2. సర్వీసింగ్‌లో రెండు వైర్లు తారుమారు చేసి పెడితే బండి వణుకుతుంది, పేలుతుంది. నిన్నటిదాకా బాగున్న కారు సర్వీసింగ్ నుంచి రాగానే ఇలా చేస్తే, కొత్త వస్తువు ఏదీ కొనకుండా ముందు ఆ వైర్ల వరుస చూడమనండి. టైమింగ్ బెల్టు పళ్ళు జారినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. బెల్టు మార్చిన వెంటనే మొదలైతే దాని గుర్తులు సరిగ్గా కలిశాయో లేదో చూడాలి.

హిద్ లాంటి ఊళ్ళో కారుకి వచ్చే కష్టాలు

హిద్ ముహర్రఖ్ దీవికి ఆగ్నేయపు కొసన ఉంది. మూడు వైపులా సముద్రమే. ఉప్పు గాలికి బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్‌కి వెళ్ళే ఎర్త్ వైర్ల చివర్లు పచ్చగానో తెల్లగానో పొక్కిపోతాయి. ఎర్త్ సరిగ్గా లేకపోతే కాయిల్‌కి పూర్తి కరెంటు అందదు. వేసవి తెల్లవారుజామున కారు అద్దాల మీద నీళ్ళు కారేంత తేమ ఉంటుంది. పగుళ్ళు వచ్చిన కాయిల్ తొడుగుల్లోకి, పాత ప్లగ్ వైర్లలోకి ఆ తేమ చేరితే స్పార్క్ ప్లగ్ దాకా వెళ్ళకుండా మధ్యలోనే ఇంజన్ ఇనుముకి దూకేస్తుంది. పొద్దున మిస్సింగ్ కొట్టి, ఎండెక్కాక బాగైపోయే కార్ల రహస్యం చాలాసార్లు ఇదే. లండన్‌లో వాన తేమకి, ఇక్కడ సముద్రపు తేమకి కారు పడే బాధ ఒకటే.

వేసవి వేడికి బానెట్ కింది రబ్బరు గొట్టాలు గట్టిపడి చిట్లుతాయి. చిట్లిన చోట లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. షమాల్ గాలి వీచే రోజుల్లో దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ని నింపేస్తుంది. పెట్రోల్ పంపు ట్యాంకులో ఉండే కార్లలో ఆ పంపుని చల్లబరిచేది పెట్రోలే. కాబట్టి ఎండాకాలంలో ట్యాంకు అడుగంటే దాకా తిప్పకుండా, కనీసం పావు వంతు ఉంచుకోవడం మంచిది.

జూలై, ఆగస్టు సెలవులకి ఇండియా వెళ్ళి వచ్చాక ఎదురయ్యే సమస్య మరొకటి. నెలన్నర, రెండు నెలలు ఎండలో నిలబడిన కారు స్టార్టయినా తడబడుతుంది. ముందు బ్యాటరీ చూపించండి. ఇంజన్ ఆపి కొంతసేపు ఉంచాక సుమారు 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అది సరిపోయాక మిగతావి చూడొచ్చు.

కొందరు మిస్సింగ్ వస్తే జయ్యిద్ బదులు ముమ్తాజ్ కొట్టించమంటారు. జయ్యిద్ 91 ఆక్టేన్, ముమ్తాజ్ 95. మీ కారు పుస్తకంలో 95 అని ఉంటే 95 వాడాల్సిందే. కానీ ఆక్టేన్ తక్కువైతే వచ్చేది ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు గులకరాళ్ళు కదిలినట్టు వినిపించే చప్పుడు. పాడైన కాయిల్‌ని ముమ్తాజ్ బాగుచేయదు.

వెలిగే లైటు వేరు, మిణకరించే లైటు వేరు

ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ భాగం గుర్తుపెట్టుకోండి. డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ నిలకడగా వెలిగితే, కారులో తప్పు ఏదో ఉంది, త్వరలో చూపించండి అని అర్థం. అదే బొమ్మ వెలిగి ఆరుతూ మిణకరిస్తే, కాలని పెట్రోలు పొగ గొట్టంలోకి వెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేసేంతగా మిస్సింగ్ ఉందని అర్థం.

కన్వర్టర్ అంటే విషవాయువులను శుభ్రం చేసే డబ్బా. లోపల తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. కాలని పెట్రోలు అక్కడ కాలితే వేడి పెరిగిపోయి ఆ దిమ్మె కరిగిపోగలదు. అప్పుడు ఒక కాయిల్‌తో పోయే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. అదే వేడి కారు కింద ఎండిన ఆకులు, అట్టముక్కలు ఉంటే నిప్పు కూడా పెట్టగలదు.

కాబట్టి లైటు మిణకరిస్తే ముందు యాక్సిలరేటర్ తగ్గించండి. హిద్ నుంచి మనామాకి వెళ్ళే షేక్ ఖలీఫా బిన్ సల్మాన్ కాజ్‌వే లాంటి చోట బలం పోతే, వెనక వేగంగా వచ్చే బండ్లే అసలు ప్రమాదం. హజార్డ్ లైట్లు వేసి, కుడివైపు పక్కకి తీసి, ఇంజన్ ఆపండి. పిల్లల్ని రోడ్డు లేని వైపు నుంచి దింపి, వీలైతే రక్షణ గోడ అవతల నిలబెట్టండి. ‘ఇల్లు దగ్గరే కదా’ అని నడపొద్దు, రికవరీ బండి పిలిపించండి. కాలుతున్న వాసన, పొగ ఉంటే బానెట్ తెరవకుండా దూరంగా వెళ్ళిపోండి.

కోడ్ చెప్పేది సగమే

కారు కంప్యూటర్ నిప్పుని చూడలేదు. ప్రతి సిలిండర్‌లో నిప్పు అంటుకున్నప్పుడల్లా క్రాంక్‌షాఫ్ట్ కాస్త వేగం అందుకుంటుంది. అందుకోవలసిన చోట అందుకోకపోతే సెన్సర్ పట్టుకుంటుంది, కంప్యూటర్ ఏ సిలిండర్ వంతు అన్నది లెక్కగట్టి కోడ్ రాసుకుంటుంది. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది, అలా పి0304 దాకా. పి0300 అంటే ఒక్కదానిలో కాదు, అక్కడక్కడా తప్పుతోందని.

అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ 1996 నుంచి, ఐరోపాలో కొత్త పెట్రోలు కార్లకి 2001 నుంచి ఇలా కోడ్ చెప్పే ఓబీడీ పద్ధతి తప్పనిసరి చేశారు. స్టీరింగ్ కింది సాకెట్‌లో చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో మనమే చదువుకోవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకి కొన్ని విడిభాగాల దుకాణాల్లో ఉచితంగానే చదివి చెబుతారు. అయితే కోడ్ చెప్పేది ఏ సిలిండర్ అన్నదే, ఎందుకు అన్నది కాదు. ‘పి0302 వచ్చింది కాబట్టి కాయిల్ పోయింది’ అనడం, జ్వరం వచ్చింది కాబట్టి మలేరియా అనడం లాంటిది.

డబ్బు ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టండి

మా కారుకి పి0302 వచ్చినప్పుడు ఒక గ్యారేజీలో నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్గులు, ఇంజెక్టర్ క్లీనింగ్ అన్నారు. నేను ఒక్కటే అడిగాను: ‘అన్నా, రెండో కాయిల్ తీసి నాలుగో దానికి, నాలుగోది రెండో దానికి పెట్టి, కోడ్ చెరిపేసి, ఒక రౌండు తిప్పి చూద్దామా?’ పది నిమిషాల పని. తిప్పి వచ్చాక కోడ్ పి0304 అయింది. తప్పు కాయిల్‌తో పాటే నడిచి వెళ్ళింది కాబట్టి దోషి ఆ కాయిలే. ఒక్క కాయిల్‌తో సరిపోయింది. అక్కడితో ఆగకుండా ప్లగ్ కూర్చునే గుంతలోకి టార్చి వేసి చూస్తే అడుగున ఆయిల్ ఉంది. పైమూత గాస్కెట్ అరిగి ఆయిల్ దిగితే కాయిల్ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. గాస్కెట్ మార్చకుండా కాయిల్ ఒక్కటే మార్చి ఉంటే కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే వచ్చేది.

కాయిల్ మార్చినా కోడ్ రెండో సిలిండర్ దగ్గరే ఉండిపోతే, అలాగే ప్లగ్ మార్చి చూడాలి. ప్లగ్ కూడా కాకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ల్యాబ్‌లో రెండు కారకాలు ఒకేసారి కలిపితే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియనట్టే, నాలుగు వస్తువులు ఒకేసారి మారిస్తే బండి బాగైనా కారణం తెలియదు.

ప్లగ్ తీసినప్పుడు దాని ముఖం చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తడిగా, పెట్రోలు వాసన వేస్తే అక్కడ నిప్పు అంటుకోవడం లేదు. జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లగా కాలిపోయి పొక్కులుంటే విపరీతమైన వేడి, అంటే పెట్రోలు తక్కువ కావడమో, తగని ప్లగ్ వాడడమో.

మిస్సింగ్ ఎప్పుడు వస్తుందన్నది కూడా పెద్ద ఆధారమే. ఆగి ఉన్నప్పుడు వణికి, వేగం పెంచగానే సర్దుకుంటే ఎక్కడో గాలి దూరుతోందని అనుమానించాలి. బానెట్ కింద ‘స్స్’మనే శబ్దం వినండి, చిట్లిన గొట్టం దొరకొచ్చు. పి0171 కోడ్ కూడా ఉంటే అనుమానం బలపడుతుంది. ఆగినప్పుడు బాగుండి, కాజ్‌వే మీద వేగం పెంచేటప్పుడు తడబడితే పెట్రోల్ పంపు, ఫిల్టర్ లేదా బలహీనమైన కాయిల్. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషమే వణికి, తెల్లటి పొగ వచ్చి, కూలెంట్ మాటిమాటికీ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ లోంచి నీళ్ళు సిలిండర్‌లోకి దిగుతున్నాయేమో చూడాలి. వేసవిలో ఒకసారైనా వేడెక్కి ఆగిన కారైతే ఇది మరీ ముఖ్యం. ఇంజన్‌ని నీళ్ళ ప్రెషర్‌తో కడిగించిన వెంటనే మొదలైతే ప్లగ్ గుంతల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి.

చివరిది కంప్రెషన్ పరీక్ష. ప్లగ్ తీసిన చోట మీటరు బిగించి ఇంజన్ తిప్పుతారు. ఆరోగ్యంగా ఉన్న చాలా ఇంజన్లలో 150 నుంచి 180 పీఎస్ఐ దాకా చూపిస్తుంది. అంకె కన్నా ముఖ్యం నాలుగూ దగ్గరదగ్గరగా ఉండడం. ఒకటి బాగా తక్కువైతే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తారు. అంకె పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులో గాస్కెట్టో. ఈ ఫలితం చెడుగా ఉంటే ప్లగ్గులు, కాయిల్స్ మీద ఇక ఒక్క దీనారు కూడా పెట్టొద్దు. ఇంజన్ పని చేయించాలా, కారు మార్చాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

మనం చేయవలసినవి, చేయకూడనివి

బానెట్ తెరిచే ముందు చున్నీ, జడ వెనక్కి కట్టుకోండి, గాజులు, పొడవాటి గొలుసు తీసి పక్కన పెట్టండి. బంగారం కరెంటుని బాగా పోనిస్తుంది. బ్యాటరీ రెండు కొసలకీ ఒక గాజు తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చేతిని మాడ్చేస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ వైరు గానీ కాయిల్ గానీ లాగొద్దు. షాకు కొడుతుంది, కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళుతుంది. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. పెట్రోలు వాసన ఉంటే స్టార్ట్ చేయొద్దు.

గ్యారేజీలో గొడవ అక్కరలేదు, మూడు ప్రశ్నలు చాలు. ఏ సిలిండర్? ఏ పరీక్ష చేసి ఈ వస్తువు పోయిందన్నారు? తీసిన పాత వస్తువు నాకిస్తారా? చక్కగా పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకి చిన్నబుచ్చుకోడు, సంతోషంగా చూపిస్తాడు. సమాధానం ‘అన్నీ మార్చేస్తే పోతుంది మేడమ్’ అని వస్తే, ఇంకో చోట చూపించుకోవచ్చు.

కారులో ఒక చిన్న పుస్తకం ఉంచుకోండి. మిస్సింగ్ ఏ తేదీన, వేడి మీదా చల్లగా ఉన్నప్పుడా, ఆగినప్పుడా వేగంలోనా, ట్యాంకులో ఎంత పెట్రోలు ఉన్నప్పుడు వచ్చింది, ఏ కోడ్ వచ్చింది, ఏ వస్తువు ఎప్పుడు మార్చారు అన్నీ రాయండి. మామూలు నికెల్ ప్లగ్గులు 30,000 నుంచి 40,000 కిలోమీటర్లకి, ఇరిడియం ప్లగ్గులైతే లక్ష దాకా అన్నది సాధారణ లెక్క. మీ కారు పుస్తకంలో ఎంత ఉందో అది పాటించండి. రేపు మీరు ఇండియా వెళ్ళిపోతూ ఈ కారుని మన మరో కుటుంబానికి అమ్మితే, తాళంతో పాటు ఆ పుస్తకం కూడా ఇవ్వండి.